పన్నెండు క్యాసెట్లూ, లోపలి గదిలో పెద్దాయనా

మా ఆయన ఆ క్యాసెట్ల పెట్టెని చెప్పిన ధరకే కొనుక్కొచ్చారు. గొడవ అక్కడే మొదలైంది.

కొట్లో పుట్టి కొట్లో పెరిగిన మనిషిని నేను. విజయవాడ వన్‌టౌన్‌లో మా నాన్నది చీరల హోల్‌సేల్ కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. నేను నడక నేర్చుకున్నది చీరల బేళ్ళు పట్టుకునే. కొత్తిమీర కట్ట కొన్నా, రిక్షా ఎక్కినా, అవతలివాళ్ళు ఒక మాట చెప్పాక నేనొక మాట చెప్పకపోతే, ఒంట్లో బాగాలేదేమోనని ఇంట్లోవాళ్ళు నుదురు పట్టుకుని చూసేవాళ్ళు. డాక్టరు వారం రోజులు మందులు వాడమంటే "నాలుగు రోజులకి సరిపెట్టండి డాక్టరు గారూ" అని అడిగినదాన్ని. అలాంటిదాని మొగుడు, తొంభైల చివర్లో ఒక సాయంత్రం, బ్రీఫ్‌కేసు లాంటి నల్ల ప్లాస్టిక్ పెట్టె చంకలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చి, దాని మీద అచ్చేసిన ధర ఎంతో అంతా ఇచ్చేశానని చెబితే నాకెలా ఉంటుంది?

"అడగలేదా?" అన్నాను.

"ఏమని?"

"తగ్గించమని!"

"జ్ఞానానికి బేరమేంటి?" అన్నారాయన, పెట్టెని నా చేతికందకుండా బీరువా మీద పెడుతూ.

లోపల పన్నెండు క్యాసెట్లు. వ్యక్తిత్వ వికాసం. ఊళ్ళో అప్పుడు ఎక్కడ చూసినా ఆ మాటే. కోచింగ్ కాలేజీల గోడల మీద, సిటీ బస్సుల వెనక, పుస్తకాల కొట్ల అద్దాల్లో. చదివే తీరిక లేనివాళ్ళ కోసం అలాంటి పుస్తకాన్నే మొదటినుంచి చివరిదాకా చదివి రికార్డు చేశారు. ముందు కాస్త వేణువు, తర్వాత ఒక గంభీరమైన గొంతు. పెళ్ళిచూపుల్లో పిల్లని ప్రశ్నలడిగే మేనమామ గొంతులా ఉండేది అది నాకు. "మీరెవరు?" అని అడుగుతుంది. అడిగి ఊరుకుంటుంది. టేపు ఖాళీగా బుస్సుమని తిరుగుతుంది, మనం కళ్ళు మూసుకుని జవాబు చెప్పుకోవాలన్నమాట. 

మా ఆయనకి ఆ ప్రశ్న ఎందుకంత గుచ్చుకుందో చెప్పాలి. ఆయన ఇల్లరికం అల్లుడు. చల్లపల్లి దగ్గర ఒక పల్లెటూళ్ళో లెక్కల మాస్టారి అబ్బాయి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరికేలోపు మా సంబంధం దొరికింది. కొన్నాళ్ళు పని నేర్చుకున్నాక గల్లాపెట్టె దగ్గర ఆయన్నే కూర్చోబెడతానని పెళ్ళికి ముందు మా నాన్న మాటిచ్చారు. మేము ఎవరికైనా ఇచ్చే గడువుల్లాగే ఆ "కొన్నాళ్ళు" కూడా సాగుతూ పోయింది. బజారులో ఆయనకి పేరుండేది కాదు. అల్లుడు గారు. టీ కొట్టువాడికి అల్లుడు గారు, హమాలీలకి అల్లుడు గారు, ఆఖరికి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు రసీదు మీద కూడా "అల్లుడు గారు" అనే రాసేవాళ్ళు. ఆయన సంతకం మాత్రం తన పేరే పెట్టేవారు, రెండు గీతలు కిందకి లాగి మరీ.

ఇక మా కొట్లో ఆయన చేసే పని. మాకొక ఏర్పాటు ఉండేది. పరుపు మీద తెల్ల దుప్పటి పరుచుకుని, చెవిలో పెన్సిలు పెట్టుకుని కూర్చునే మా నాన్న, కొత్తగా వచ్చిన బేరగాళ్ళకి తను గుమాస్తానని చెప్పుకునేవారు. యజమాని లోపల గదిలో ఉన్నారు. పెద్దాయన. ధర తెగని చోట, "నాదేముందండీ, నా చేతుల్లో ఉంటే ఊరికే ఇచ్చేద్దును. పెద్దాయన్ని కనుక్కోవాలి" అని ఎవర్నో ఒకర్ని లోపలికి పంపేవారు. వెళ్ళినవాళ్ళు కుండలో నీళ్ళు తాగి, కాసేపు ఫ్యాన్ కింద నిలబడి, మొహం వేలాడేసుకుని బయటికి రావాలి. "ససేమిరా అంటున్నారు. మీరు దూరం నుంచి వచ్చారని చెబితే, ఈ ఒక్కసారికీ కాస్త చూడమన్నారు."

ఆ గదిలో బేళ్ళూ, కుండా, పాత క్యాలెండరూ తప్ప మనిషి లేడు. ఒకప్పుడు నిజంగానే మా తాత అక్కడ నడుం వాల్చేవాడట. ఆయన పోయాక మంచం తీసేశారు గానీ పెద్దాయన్ని తియ్యలేదు. పాతబడిన ఖాతాదార్లకి మా నాన్నే యజమానని తెలిసిపోయేది కదా, అప్పుడు పెద్దాయన నాన్నకి పెదనాన్న అయ్యేవాడు, లేదా పెద్ద భాగస్తుడయ్యేవాడు. ఆయనకి బీపీ ఉండేది. ఏకాదశి రోజు ఉపవాసం వల్ల చిరాగ్గా ఉండేవాడు. కైకలూరు వ్యాపారి ఒకాయన ప్రతి వేసవిలో "పెద్దాయనకివ్వండి" అని చిన్న రసాల బుట్ట పంపేవాడు. నా చిన్నతనంలో నేను తిన్న మామిడిపళ్ళలో మంచివన్నీ పెద్దాయనవే.

పెళ్ళయిన దగ్గర్నుంచి లోపలికి వెళ్ళి వచ్చే పని మా ఆయనది. ఆయన మొహం సహజంగానే వేలాడుతూ ఉండేది కాబట్టి ఆ పనికి ఆయన్ని మించినవాడు లేడని నాన్న మురిసిపోయేవారు. ఆయన మాత్రం రాత్రి భోజనాల దగ్గర, "ఇవాళ ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగానో తెలుసా?" అనేవారు. నేను నవ్వేదాన్ని. జోకు అనుకున్నాను.

అలాంటి మనిషికి క్యాసెట్ వచ్చి "మీ మాటకి మీరే యజమాని. ముసుగు తీసేయండి" అంటే?

పాటలు వినే టేపు రికార్డరు ఆ సాయంత్రం నుంచీ ఆయన సొత్తయింది. పళ్ళు తోముకునేటప్పుడు లక్ష్యసాధన. అన్నం తినేటప్పుడు ఆత్మవిశ్వాసం. కరెంటు పోతే బ్యాటరీలు. టేపు రీలు చిక్కుకుంటే పెన్సిలు పెట్టి తిప్పుకుంటూ, పూజలో కూర్చున్నంత శ్రద్ధగా సరిచేసుకునేవారు. ఇల్లు చిన్నది గనక, కావాలని కాకపోయినా, పన్నెండూ నేను కూడా విన్నాను. రెండేసి సార్లు. నాకున్న వ్యక్తిత్వం మరీ ఎక్కువని అందరూ అనేవాళ్ళు, దాన్ని ఇంకా వికసింపజేస్తే ఇల్లు చాలదని నా భయం.

"మీ జీవితంలో మీకు నిజంగా కావలసింది ఏమిటి?" అని గొంతు అడిగేది. తర్వాత బుస్సుమని ఖాళీ.

"గ్యాసు బండ!" అని నేను వంటింట్లోంచి అరిచేదాన్ని.

ఆయన నవ్వేవారు కాదు. వెనక్కి తిప్పి మళ్ళీ వేసేవారు. ఒకరోజు బీరువా అద్దం ముందు నిలబడి "నేను నేనే" అంటున్నారు, ఒక్కో మాటా విడివిడిగా.

"మీరు మీరే. కాదన్నదెవరు? కరెంటు బిల్లుకి ఇవాళే ఆఖరు," అన్నాను.

"నీకు అన్నీ వేళాకోళమే."

"వేళాకోళం కాదండీ. లైను పొడుగ్గా ఉంటుంది. మీరు మీరుగానే వెళ్ళి కట్టేసి రండి."

వినగా వినగా నాకు పట్టుబడింది మాత్రం వేరే సంగతి. ఆ గొంతు చేసేది అచ్చం మా వ్యాపారమే. మొదటి క్యాసెట్లో కొనేవాణ్ణి మెచ్చుకుంటుంది: మీలో ఎంత శక్తి ఉందో మీకు తెలియదు. రెండోదాంట్లో లోపం చూపిస్తుంది: ఇన్నాళ్ళూ దాన్ని వృథా చేసుకున్నారు. మూడోదాంట్లో చేత్తో పట్టుకుని చూడనిస్తుంది. అసలు సరుకు తర్వాతి క్యాసెట్లో ఉందంటుంది. మేము కూడా పై అరలో చీరని అలాగే ఊరించి ఊరించి దించేవాళ్ళం. "రేపటినుంచి కాదు, ఈ క్షణం నుంచే" అనడం ఆషాఢం అమ్మకాల మాట. ఈ సంగతి చెబితే ఆయన నా వైపు జాలిగా చూసి, "నీకు లోకమంతా కొట్టులాగే కనిపిస్తుంది," అన్నారు. అవును మరి. ఇంకెలా కనిపించాలి?

రెండు మూడేళ్ళకి క్యాసెట్లు అరిగి, గొంతు నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టయింది. హమ్మయ్య అనుకుంటుండగా ఎవరో ఆ పన్నెండూ ఒకే సీడీలోకి ఎక్కించి ఇచ్చారు. దాంతోపాటు అలాంటివే మరో ఆరు పుస్తకాలు ఉచితంగా. చెవుల్లో పెట్టుకునే ప్లేయరొకటి కొన్నారు. అది కూడా చెప్పిన ధరకే. అంతకుముందు నేను గొంతుని వినలేక చచ్చేదాన్ని, ఇప్పుడు ఆయన నా గొంతు వినడం మానేశారు. పప్పులోకి ఉప్పు చాలిందా అని మూడుసార్లు అడిగితే ఇయర్‌ఫోన్ ఒకటి తీసి, "నేను క్షమించేశాను," అన్నారు.

"ఎవర్ని?"

"అందర్నీ. ఇందాకే."

నాకు ఒళ్ళు మండింది. నేనేం తప్పు చేశానని నన్ను క్షమించడం?

ఇలా నడుస్తుండగా ఆపా సంగతి వచ్చింది.

ఆపా గుడివాడ నుంచి వచ్చే ఖాతాదారు. ముస్లిముల ఆవిడ, మా నాన్న కన్నా నాలుగైదేళ్ళు చిన్న. మా దగ్గర చీరలు పట్టుకెళ్ళి ఇంటింటికీ తిరిగి అమ్మేది. మా నాన్నని అన్నయ్యా అనేది. కొట్లో అందరం ఆవిణ్ణి ఆపా, అంటే అక్కా, అనేవాళ్ళం. బేరంలో నేను చేతులెత్తి దణ్ణం పెట్టే మనిషి లోకంలో ఎవరైనా ఉంటే ఆవిడే. చీరని చూడగానే మొహం తిప్పుకునేది. నచ్చిన చీర నుంచైతే ఇంకాస్త ఎక్కువ తిప్పుకునేది. ధర తెగని చోట, మా దగ్గర పెద్దాయన ఉన్నట్టే, ఆవిడ దగ్గర "మావారు" ఉండేవాడు. "నాకు సరేనన్నయ్యా. మావారు ఊరుకోరు. ఇంత పెట్టి తెచ్చానంటే గుమ్మంలోనే నిలదీస్తారు."

ఆయన పెద్దాయనలా కాదు, నిజంగా ఉన్న మనిషే, దర్జీ. గుండెపోటుతో పోయారు. మా నాన్న గుడివాడ వెళ్ళి పలకరించి వచ్చారు కూడా. నెలలు గడిచి, భర్త పోయినవాళ్ళు ఇంటిపట్టునే ఉండే ఇద్దత్ గడువు ముగిశాక ఆవిడ మళ్ళీ బస్సెక్కి కొట్టుకొచ్చింది. అందరం ఏం మాట్లాడాలో తెలియక చీరలు దించుతున్నాం. బేరం ఒక చోట ఆగింది. ఆపా చీర అంచు వేళ్ళతో నలుపుతూ, అలవాటుగా, "మావారు ఊరుకోరన్నయ్యా," అంది. అని, తనే ఉలిక్కిపడింది.

మా నాన్న తల కూడా ఎత్తలేదు. "అలాగేనమ్మా. ఆయన్ని అడిగే చెప్పండి. మేం కూడా పెద్దాయన్ని కనుక్కోవాలిగా," అన్నారు. 

ఆ తర్వాత ఐదేళ్ళు అలాగే నడిచింది. ఇటు పెద్దాయన, అటు మావారు. ఇద్దరూ మొండివాళ్ళే. వాళ్ళ మీద కోపాలన్నీ తోసేసి, వీళ్ళిద్దరూ ఒకరినొకరు నొప్పించకుండా టీ తాగి, బేరం తెంపుకునేవాళ్ళు.

రంజాన్‌కి ముందు ఒక మధ్యాహ్నం. ఆపా పండగ సరుక్కి వచ్చింది. భోజనాలయ్యాక నేను కూడా కిందకి దిగి, ఆవిడ పక్కన కూర్చుని చీరలు విప్పుతున్నాను. బేరం ఎప్పటిలాగే ఆగాల్సిన చోట ఆగింది. నాన్న చెవిలోంచి పెన్సిలు తీసి గోక్కున్నారు. అది సైగ.

"అల్లుడు గారూ, ఒకసారి పెద్దాయన్ని కనుక్కుని రండి."

ఆయన కదల్లేదు. మెళ్ళో ఇయర్‌ఫోన్ తీగ వేలాడుతోంది. భోజనమయ్యాక ఏ పాఠం విన్నారో గానీ, నిటారుగా నిలబడి ఉన్నారు.

"అల్లుడు గారూ!"

"లోపల ఎవరూ లేరండీ," అన్నారు మా ఆయన. అన్నది మా నాన్నతో కాదు. ఆపాతో. "ఎప్పుడూ లేరు. ధర చెప్పేది మేమే. న్యాయమైన ధర ఇది. ఇంతకన్నా తగ్గదు, ఎక్కువ చెప్పను."

ఎంత మర్యాదగా అన్నారనుకున్నారు! నేను మాత్రం చేతిలో చీర అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను. నాన్న మొహం వెలిసిన రంగులా అయింది. హమాలీ ఒకడు బేలు దించబోయి ఆగిపోయాడు.

ఆపా ఆయన వైపు తిరిగింది.

"అట్టాగా అల్లుడు గారూ."

"అవునండీ. మీకు అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు."

"మంచిదే బాబూ. అబద్ధమాడమని నేనెట్టా అంటా?" ఆవిడ చీరలు తనవైపు నుంచి మెల్లగా జరిపింది. "మీ పెద్దాయన లేరని చెప్పారు. ఇప్పుడు నేను మావారిని అడగాలంటే ఎట్టా? నేనూ నిజమే చెప్పాలిగా. ఈ పరుపు మీద కూర్చున్నంతసేపూ ఆయన ఇంట్లో ఉన్నట్టే ఉండేది నాకు. బస్సెక్కేదాకా." 

ఆపా లేచింది. సంచీ తీసుకుంది. టీ వచ్చింది, తాగలేదు. గుమ్మం దిగేటప్పుడు నేను వెనకాలే వెళ్ళి "ఆపా, ఆపా" అంటే, నా చెయ్యి నొక్కి, "నీ మొగుడు మంచోడేలే," అంది. తిట్టిందో మెచ్చుకుందో ఇప్పటికీ తెలియదు. ఎదురు వరసలో ఇంకో చీరల కొట్టు మెట్లెక్కింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన గొడవ వీధిలో సగం మంది విన్నారు. మా నాన్న అల్లుడితో గట్టిగా మాట్లాడరు, మర్యాద. అందుకని అల్లుడు వినేలా నన్ను తిట్టారు.

"మీ తాత పోయినప్పుడు కూడా నేనింత ఏడవలేదమ్మాయ్! ఆ పెద్దాయన్ని నిలబెట్టడానికి ఎన్నేళ్ళు పట్టిందో తెలుసా? ఒక్క మాటతో పాడె ఎక్కించాడు మీ ఆయన! ఆ ఆపా మొహం చూశావా?"

"మావయ్యగారూ, నేను నిజం చెప్పాను," అన్నారు మా ఆయన పక్క గదిలోంచి.

"నిజం ఎవరడిగారంట? అడగమను అమ్మాయ్! ఆవిడ చీర అడిగింది!"

నాకు ఇద్దర్నీ తలుపేసి కొట్టాలనిపించింది. నాన్న చెప్పిందీ సబబే. ఆయన బాధా తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్ళుగా ఒక లేని మనిషికి కబురు మోసే పనిలో ఉన్నవాడు, ఒక్కసారి తన నోటితో తన మాట చెబుదామనుకున్నాడు. చెప్పడానికి ఎంచుకున్నది మాత్రం, ఊరంతా ఉండగా, ఆ మాట తట్టుకోలేని ఒకే ఒక్క మనిషిని! పన్నెండు క్యాసెట్లలో ఎక్కడైనా ఎదుటివాళ్ళ మొహం కేసి చూడమని చెప్పారా అంటే, నాకు గుర్తున్నంతవరకూ లేదు. అందులో ఉన్నదంతా అద్దమే.

అంతటితో ఆగినా బాగుండేది. నాలుగు రోజుల తర్వాత మా నాన్న గుడివాడ బస్సెక్కారు. ఆపా ఇంటికి వెళ్ళి ఏం చెప్పారో తర్వాత ఆవిడే నాకు చెప్పింది: "మా అల్లుడికి ఆ రోజు జ్వరం తల్లీ. ఒళ్ళు తెలియక ఏదో వాగాడు. పెద్దాయన మిమ్మల్నే అడుగుతున్నారు, ఎందుకు రాలేదని." ఆపా తలుపు పట్టుకుని నిలబడి, "మావారు కూడా కోప్పడ్డారన్నయ్యా, పాత కొట్టు వదిలి ఎట్టా పోయావని," అందట. ఆ వారంలోనే వచ్చి సరుకు తీసుకుంది. పెద్దాయన లేచి కూర్చున్నారు. కుండలో నీళ్ళు నింపారు.

మా ఆయనకి ఈ సంగతి తెలిసినప్పుడు అరవలేదు. ప్లేయరు బల్ల మీద పెట్టి, తీగ దానికి చుట్టి, మంచం మీద కూర్చున్నారు.

"జ్వరమా?" అన్నారు.

"ఏదో, ఆవిణ్ణి సముదాయించడానికి అన్నారులెండి."

"ఈ ఇంట్లోకి వచ్చాక నా అంతట నేను చెప్పింది ఒకే ఒక్క మాట. అది కూడా జ్వరంలో వాగినట్టు అయిపోయింది. నేను ఇక ఆ గదిలోకి వెళ్ళలేను. నువ్వు రమ్మన్నా సరే."

నేను ఎగతాళి చేయబోయి ఊరుకున్నాను. ఆయన గొంతులో గాంభీర్యం లేదు, వేణువు లేదు. అది క్యాసెట్లో మాట కాదు. ఆ మనిషి వెళ్ళిపోతాడేమోనని మొదటిసారి భయం వేసింది. చల్లపల్లికో, ఎక్కడికో, ఏ ట్యూషన్లు చెప్పుకోడానికో. వెళ్ళడం అంటే ఇల్లు వదిలి వెళ్ళడమే కాదు, ఇక్కడే మంచం మీద కూర్చునే వెళ్ళిపోవచ్చు. అప్పటికే సగం వెళ్ళిపోయి ఉన్నారు, చెవుల్లో తీగలు పెట్టుకుని.

ఆయనకి కావలసింది విడిగా ఒక చిన్న కొట్టు. బేరం లేని కొట్టు. ప్రతి చీరకీ చీటీ మీద ధర, అదే ధర. అలాంటివి బెంజ్ సర్కిల్ వైపు పెద్ద పెద్ద అద్దాలతో అప్పుడప్పుడే లేస్తున్నాయి. మా నాన్నకి అది వినగానే నవ్వొచ్చింది. "చీరకి చీటీ అంటించి కూర్చోవడానికి మనిషెందుకూ? గోడ చాలదా?"

ఇక వాళ్ళిద్దరి మధ్యా రాయబారం నాది. పుట్టి బుద్ధెరిగాక అంత కష్టమైన బేరం నేను చేయలేదు, ఎందుకంటే అమ్మేవాడూ నావాడే, కొనేవాడూ నావాడే. నాన్న సరుకిస్తే చాలని ఈయన, తన వీధిలో పెట్టకపోతే చాలని నాన్న. పై గదికీ కింది కొట్టుకీ మధ్య మెట్లు అరిగిపోయాయి. కొన్నాళ్ళకి గమనించాను, మా నాన్న ఈయనతో, "నాదేముందండీ, అమ్మాయి ఒప్పుకోవాలి కదా," అంటున్నారు. ఈయనేమో, అబద్ధం చెప్పనని ఒట్టేసుకున్న ఈ మహానుభావుడు, "మీ అమ్మాయి అంతకన్నా తగ్గేది లేదంటోంది మావయ్యగారూ," అంటున్నారు. నేను ఏమీ అనలేదు! నన్నెవరూ అడగలేదు! ఇద్దరూ కలిసి నన్ను ఎత్తుకెళ్ళి లోపలి గదిలో కూర్చోబెట్టారు. పక్కన కుండ ఒక్కటే తక్కువ.

చివరికి తెగింది. సరుకు నాన్నది, ధర ఈయనది. మా కొట్టు పేరు ఎక్కడా వాడకూడదని నాన్న షరతు. కొట్లో ఎవరూ బేరమాడకూడదని, ముఖ్యంగా నేను, అని ఈయన షరతు. గుణదలలో రోడ్డు మీదకి ఒక ఇరుకు గది దొరికింది. దాని అద్దె నేను మాట్లాడాను. ఆ పని అయ్యేదాకా మాత్రం ఆయన సిద్ధాంతం పక్కకి తప్పుకుని నిలబడింది. బోర్డు రాసేవాణ్ణి పిలిచి ఆయన తన పేరు రాయించారు. ఎర్ర అక్షరాలు. వాడు నిచ్చెన దిగి రాకముందే "ఇంకాస్త పెద్దగా" అని రెండుసార్లు దిద్దించారు. 

తెరిచిన మొదట్లో రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని ఆటోలో వెళ్ళేదాన్ని. కొట్టు చల్లగా, శుభ్రంగా, ఖాళీగా ఉండేది. జనం రావడం వచ్చేవాళ్ళు. చీటీ చూసేవాళ్ళు. చీటీని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, అది బేరానికి మొదలనుకునేవాళ్ళు.

ఒకరోజు నేను వెళ్ళేసరికి ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. వ్యవసాయం చేసుకునే ఇల్లు, మెళ్ళో రెండు పేటల గొలుసు, కూతురు పెళ్ళి. వంకాయ రంగు పట్టుచీర ఒళ్ళో పరుచుకుంది. తీసుకుంటుంది. నాకు ఆ చెయ్యి చూస్తే తెలుస్తుంది, చీరని వదల్లేని చెయ్యి అది.

"చివరికెంత బాబూ?"

"చీటీ మీద ఉందమ్మా."

"అది చూశాలే. చివరికి?"

"మొదలూ అదే, చివరా అదేనమ్మా."

"సరేలే, నీతో ఏం మాట్లాడతాలే. ఓనర్ని పిలువు."

"నేనేనమ్మా ఓనర్ని."

ఆవిడ నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, జాలి. "ఓనరువైతే కాస్త తగ్గించే చెయ్యి నీకుండదా బాబూ? జీతానికున్నోడివి, నీదేం తప్పులే. ఫోన్ చేసి ఇయ్యి, నేను మాట్లాడతా."

"బయట బోర్డు మీద ఉంది నా పేరేనమ్మా."

"బోర్డు మీద దేవుడి పేరు కూడా రాస్తారు. దేవుడొచ్చి కూర్చుంటాడా కొట్లో?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ గొంతుని ఎన్నేళ్ళు విన్నాడు ఈ మనిషి! తన మాటకి తను యజమాని కావాలని ఇల్లంతా తలకిందులు చేసి, వన్‌టౌన్ వదిలి, ఇక్కడికొచ్చి ఒకే మాట మీద నిలబడితే, ఒకే మాట మీద నిలబడ్డాడు గనకే ఇతను యజమాని కాదని తేల్చేసింది ఆవిడ. మా బజారులో అంతే మరి. తగ్గించగలిగినవాడే యజమాని.

ఆవిడ చీర పక్కన పెట్టి లేచింది. మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఆ నడక నాకు తెలుసు. కాళ్ళు ముందుకి వెళ్తుంటాయి, చెవులు వెనక్కి ఉంటాయి. చెప్పులు ఒకటికి రెండుసార్లు సర్దుకుంది. ఎండ ఎలా ఉందో చూస్తున్నట్టు ఆగింది. "రండమ్మా, రండి" అని ఒక్క మాట. అంతే కావాలి ఆవిడకి. ధర పెద్దగా తగ్గకపోయినా ఫర్వాలేదు, ఆ మాట చాలు. నేను మాటలు రాకముందు నేర్చుకున్న మాట అది. గొంతు దాకా వచ్చింది. నాలుక మీద కూర్చుంది.

ఆయన నావైపు చూడలేదు. చూస్తే అరిచేసేదాన్నేమో. వంకాయ రంగు చీరని మోకాళ్ళ మీద వేసుకుని, పాత మడతల మీదే మళ్ళీ మడత పెడుతున్నారు. నేను క్యారేజీ పిడి రెండు చేతులతో పట్టుకుని నోరు మూసుకున్నాను. జన్మలో ఏ పనికీ అంత బలం ఖర్చు చేయలేదు.

ఆటో వచ్చింది. ఆవిడ ఎక్కింది. ఎక్కాక తల బయటపెట్టి ఒకసారి ఇటు చూసింది, కోపంగా కాదు, ఆశ్చర్యంగా. నన్ను చూసింది. అప్పుడు కూడా నేను పిలవలేదు. ఆటో వెళ్ళిపోయింది.

చీర అరలో పెట్టి వచ్చి ఆయన నా ముందు స్టూలు మీద కూర్చున్నారు.

"పిలుస్తావనుకున్నాను," అన్నారు.

"మీ కొట్టు. మీ ఇష్టం," అన్నాను, పళ్ళు కొరుక్కుంటూ. "కానీ పట్టుచీర అండీ! పెళ్ళి పట్టుచీర!"

"ఊఁ. అన్నం పెట్టు."

ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఆయన మాత్రం పప్పులోకి ఒకసారి, మజ్జిగలోకి ఒకసారి మారు అడిగి వేయించుకున్నారు.